సంతకం పెట్టేముందు చదవాలె: ఇంగ్లిష్ మనకెందుకు, ఎట్ల నేర్చుకుందాం?

(నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల ఆదివాసీ, గిరిజన విద్యార్థులతో అచ్చంపేటలో మాట్లాడిన మాటల పాఠం)



నల్లమల లోపలి పెంటల నుంచి తెల్లారకముందే నడక మొదలుపెట్టి వచ్చిన తమ్ముళ్లున్నరు. వనపర్తి దిక్కు తండాల నుంచి, గద్వాల నడిగడ్డ నుంచి రెండు మూడు బస్సులు మారి వచ్చిన చెల్లెళ్లున్నరు. మీ అందరి ముందు ఇయ్యాల నేను ఇంగ్లిష్ గురించి మాట్లాడాలె. నేను ఇంగ్లిష్ సారును కాదు. పదో తరగతిలో ఇంగ్లిష్ గట్టెక్కితే చాలని దేవునికి మొక్కుకున్నోణ్ణి. అందుకే ముందు నా సిగ్గు కథ ఒకటి చెప్త.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా పెద్దాయన ఒకాయన చేతిలో ఒక కాయితం పట్టుకొని నా దగ్గరికి వచ్చిండు. ఒక ఆఫీసు నుంచి వచ్చిన కాయితం. ఒక పేజీ, అంతా ఇంగ్లిష్. "బిడ్డా, నువ్వు పట్నంల చదువుతున్నవ్ గదా, ఇందుల ఏమున్నదో చెప్పు, సంతకం పెట్టమంటున్నరు" అన్నడు. నేను చదివిన. అక్షరాలన్నీ వచ్చినయ్, అర్థం మాత్రం రాలేదు. రాదని చెప్పడానికి నామోషీ అయింది. "ఏం లేదు తాతా, పెట్టు" అన్న. ఆయన వేలిముద్ర వేసిండు. ఆయన సాగు చేసుకునే భూమి ఎంతో, ఆ కాయితంలో రాసింది ఎంతో తర్వాత తెలిసింది. ఉన్నదాంట్లో సగం కూడా రాయలేదు. కింద చివరి వాక్యంలో ఈ విస్తీర్ణానికి నేను ఒప్పుకుంటున్న అని ఉన్నది. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది.

ఆ రోజు నాకు రానిది గ్రామర్ ఒక్కటే కాదు. "నాకు అర్థం కాలేదు, ఇంకొకర్ని అడుగుదాం" అనే మాట నా నోటికి రాలేదు. నేను ఇయ్యాల చెప్పదలచుకున్నది అదే. ఇంగ్లిష్ ఒంటరిగా, గదిలో తలుపేసుకొని, సిగ్గుతోని వచ్చేది కాదు. నలుగురితో అడిగి, రాసి, తప్పు దిద్దించుకొని, వాదించి నేర్చుకునేది.

మన గురించి రాసింది మనం చదవలేకపోతే

1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు మన నల్లమలకు వచ్చిండు. చెంచు పెంటల్లో ఉండి, చూసి, 1943లో చెంచుల మీద ఇంగ్లిష్‌లో పెద్ద పుస్తకం అచ్చు వేసిండు. ఎనభై ఏండ్లు దాటింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి విద్యార్థులో ఆ పుస్తకం చదివి చెంచులంటే ఎవరో తెలుసుకున్నరు. మన పెంటల్లో దాన్ని చదివినోళ్లు ఎంతమంది? అందులో ఏది సరిగ్గా రాసిండు, ఏది పొరపాటుగా రాసిండు అని చెప్పగలిగేది మనమే. కానీ చదివితేనే గదా చెప్పేది.

అది పాత సంగతి అనుకుంటే 2019 సంగతి తీసుకోండి. ఆ ఏడాది మే నెలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం సర్వే చేయడానికి కేంద్ర అటవీ సలహా కమిటీ 'ఇన్ ప్రిన్సిపుల్' అనుమతికి సిఫార్సు చేసింది. ఆ మాట తెలుగులో 'సూత్రప్రాయంగా'. అంటే ఇంకా పూర్తి అనుమతి కాదు, కానీ దారి తెరిచినట్టే. ఆ కమిటీ మినిట్స్ ఇంగ్లిష్‌లోనే ఉన్నయ్. వాటిని చదివినోళ్లు బయటపెట్టినందుకే విషయం ఊరూరికీ చేరింది. అమ్రాబాద్, పదర మండలాల జనం రోడ్డెక్కిండ్రు. 'సేవ్ నల్లమల' అని ఫోన్లల్ల ప్రచారం నడిచింది. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అడ్డుకున్నది జనమే. కానీ ఆ కాయితం ఎవరో ఒకరు చదివి అర్థం చెప్పకపోయి ఉంటే, జనానికి ఎప్పుడు తెలిసేది?

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలె. మనకు అర్థమయ్యే భాషలో కాయితం ఇయ్యాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. తెలుగు ఈ రాష్ట్రంలో అధికార భాష. మొట్టమొదట అడగాల్సింది "తెలుగులో ఇయ్యండి" అనే. గ్రామసభలో తెలుగులో, మన ఇంటి భాషలో మాట్లాడాలె, తీర్మానం తెలుగులో రాయించాలె. మనం ఇంగ్లిష్ నేర్చుకుంటే ఆ బాధ్యత వాళ్ల మీద నుంచి దిగిపోదు. అయితే రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లిష్‌లో నడుస్తయ్. కేంద్ర చట్టాల పాఠం ఇంగ్లిష్‌లోనే వాదనకు వస్తది. తెలుగు కోసం కొట్లాడుతూనే ఇంగ్లిష్ పట్టుకోవాలె. రెండు చేతులున్నయ్ గదా.

ఒక్క మాటలో ఎంత భూమి ఉంటదో చూడండి

2006 అటవీ హక్కుల చట్టం మీ అందరికీ తెలుసు. దాని ఇంగ్లిష్ పాఠంలో నాలుగైదు మాటలు మాత్రమే తీసుకుంటా.

మొదటిది, 'షల్', 'మే'. 'మే' అంటే చేయవచ్చు. చేసినా చేయకపోయినా అధికారి ఇష్టం. 'షల్' అంటే చేసి తీరాలె. నాలుగో సెక్షన్ అయిదో ఉపసెక్షన్‌లో, హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో ఉన్నవాళ్లను ఖాళీ చేయించరాదు అని ఉన్నది. అక్కడ ఉన్న మాట 'షల్'. ఎవరన్నా మీ దగ్గరికి వచ్చి "మా ఇష్టం" అంటే, ఆ అయిదు అక్షరాల ఇంగ్లిష్ మాట మీద వేలు పెట్టి చూపించొచ్చు.

రెండోది, 'ఫ్రీ ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్'. పులుల అభయారణ్యం నుంచి ఊర్లను తరలించే మాట వచ్చినప్పుడు ఇది ముఖ్యం. 'కన్సెంట్' అంటే ఒప్పుకోవడం. 'ఫ్రీ' అంటే ఇక్కడ ఉచితం కాదు, భయపెట్టకుండా, ఒత్తిడి లేకుండా అని. 'ఇన్‌ఫార్మ్‌డ్' అంటే అన్ని సంగతులూ తెలిసి. అది గ్రామసభ ఇచ్చే ఒప్పుకోలు, అదీ రాతపూర్వకంగా ఉండాలె అని చట్టం చెప్తది. చదవకుండా వేసిన వేలిముద్ర 'ఇన్‌ఫార్మ్‌డ్' ఎట్లయితది? కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీ 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెరిగింది. డబ్బు లెక్క అందరూ చెప్తరు. ఈ మూడు మాటల లెక్క కూడా మనం చెప్పగలగాలె. పోవాలనుకునే కుటుంబమైనా, ఉండాలనుకునే కుటుంబమైనా తెలిసి నిర్ణయం తీసుకోవాలె.

మూడోది మనం రోజూ చేసే తప్పు. "తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్నం" అనే మాట ఇంగ్లిష్‌లో రాయమంటే చాలామంది 'వి లివ్డ్ హియర్' అని రాస్తరు. దాని అర్థమేమిటి? "మేం ఇక్కడ ఉండేవాళ్లం" అని. అంటే ఇప్పుడు లేరేమో అనుకుంటరు. 'వి ఆర్ లివింగ్ హియర్' అని రాస్తే "ప్రస్తుతం ఇక్కడ ఉంటున్నం" అని మాత్రమే. ఎప్పటి నుంచో తెలియదు. 'వి హావ్ లివ్డ్ హియర్ ఫర్ జనరేషన్స్' అంటేనే తరతరాల నుంచి ఉన్నం, ఇప్పటికీ ఉన్నం అని. అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి స్వాధీనంలో ఉండాలె. ఎప్పటి నుంచి ఉన్నమనే దాని మీదనే హక్కు నిలబడ్డ చోట, ఆ 'హావ్' ఉన్నదా లేదా అనేది మార్కుల సంగతి కాదు.

తెలుగులో "ఉంటున్నం" అనే ఒక్క మాట రెండు పనులూ చేస్తది. అందుకే మనకు ఈ తప్పు వస్తది. ఇది తెలివి తక్కువై వచ్చే తప్పు కాదు. మన భాష మనకు నేర్పిన అలవాటు. 'డిస్కస్ అబౌట్' అనడం, 'సిన్స్ టు ఇయర్స్' అనడం, 'ఎ', 'ది' వదిలేయడం అన్నీ అట్లాంటివే. తెలుగులో 'ఎ', 'ది' లాంటి మాటలే లేవు మరి. కారణం తెలిస్తే సిగ్గు పోతది. సిగ్గు పోతే రాయడం మొదలైతది.

ఆన్‌లైన్ చర్చలు ఎందుకు పనికొస్తయ్

క్లాసులో లేచి ఇంగ్లిష్‌లో ఒక వాక్యం చెప్పమంటే ఏమైతది? యాస చూసి ఎవరో ఒకరు నవ్వుతరు. హాస్టల్ నుంచి వచ్చిండని, తండా నుంచి వచ్చిందని వెనుక బెంచీలో గుసగుస. మళ్లా ఏడాదంతా నోరు తెరవం. రాసి మాట్లాడుకునే ఆన్‌లైన్ చర్చల్లో ఆ బాధ తక్కువ. అక్కడ మన ముఖం కనబడదు, యాస వినబడదు. మన ప్రశ్న మాత్రమే కనబడతది. ఆలోచించుకొని, రెండుసార్లు దిద్దుకొని పంపొచ్చు.

ఇంకో లాభం మన పెంటలకు బాగా సరిపోతది. వీడియో క్లాసుకు సిగ్నల్ కావాలె, డేటా కావాలె. లోపలి పెంటల్లో సిగ్నల్ ఎక్కడున్నది? రాతకు అంత డేటా పట్టదు, అప్పటికప్పుడు ఉండాల్సిన పనీ లేదు. ప్రశ్న నోటుబుక్కులో రాసుకోండి. సంతకు మన్ననూరుకో అచ్చంపేటకో వచ్చిన రోజు పంపండి. జవాబు వచ్చే వారానికి చదువుకోండి. చర్చ మీ కోసం ఆగి ఉంటది.

ఎక్కడ అడగాలె? మూడు చోట్లు చెప్త, మూడూ ఉచితమే. వర్డ్ రిఫరెన్స్ అని 1999లో మొదలైన నిఘంటువు సైటు ఉన్నది. దానికి చర్చా వేదికలు ఉన్నయ్. స్టాక్ ఎక్స్చేంజ్‌లో ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసమే ఒక వేదిక ఉన్నది. మంచి జవాబుకు చదివినోళ్లు ఓటేస్తరు, అది పైకి వస్తది. రెడిట్‌లో కూడా ఇంగ్లిష్ లర్నింగ్ అని ఒక గుంపు ఉన్నది.

ఈ చోట్ల "ప్లీజ్ టీచ్ మి ఇంగ్లిష్" అని రాస్తే ఎవరూ పలకరు. ఈ మాట అర్థమేమిటని ఒక్క మాటే పెట్టినా, ఏ వాక్యంలో చూసినవ్ అని తిరిగి అడుగుతరు. అందుకని ప్రశ్నలో నాలుగు సంగతులు ఉండాలె. మీరు చూసిన పూర్తి వాక్యం. అది ఎక్కడిదో. మీకు ఏమని అర్థమైందో. ఎక్కడ అనుమానం వచ్చిందో. ఉదాహరణకు: "ఇది మా దేశంలోని ఒక చట్టంలో వాక్యం. ఇందులో 'టిల్' అని ఉన్నది. పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించొద్దు అని నేను అర్థం చేసుకున్న. పూర్తయిన తర్వాత చేయించొచ్చు అని కూడా ఈ మాట చెప్తున్నదా, లేక దాని గురించి ఏమీ చెప్పడం లేదా?" ఈ నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయడానికి మీరు గంటసేపు కష్టపడుతరు. మీరు నేర్చుకునేది ఆ గంటలోనే. జవాబు దాని మీద లాభం. ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ వచ్చేది భాష గురించి జవాబు. చట్టం గురించి తుదిమాట కోసం వకీలును, న్యాయసేవా సంస్థను అడగాలె.

'ఎస్‌ఎంఎస్ ఇంగ్లిష్' మాత్రం వద్దు. 'యు' అనే మాటకు ఒక్క అక్షరం పెట్టే అలవాటు వాట్సాప్‌లోనే వదిలేయండి. పూర్తి మాటలు, పెద్ద అక్షరంతో మొదలయ్యే వాక్యం, చివర చుక్క. రాత అలవాటే రేపు దరఖాస్తులోకి వస్తది, పరీక్షలోకి వస్తది. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ అర్హత పేపర్. అది దాటకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు.

మన గుంపు, మన పద్ధతి

బయటి వేదికకు పోయే ముందు మనలో మనం ఒక గుంపు కట్టుకోవాలె. అయిదారుగురు చాలు. యాభై మంది ఉంటే గుడ్ మార్నింగ్ బొమ్మలే వస్తయ్. వారానికి ఒక్క పేరా. అటవీ హక్కుల చట్టం నుంచి కావచ్చు, ఇంగ్లిష్ పేపర్లో నల్లమల గురించి వచ్చిన వార్త కావచ్చు. ప్రతి ఒక్కరూ దాని మీద మూడు వాక్యాలు సొంతంగా ఇంగ్లిష్‌లో రాయాలె. ఇంకొకరి వాక్యం ఒకటి దిద్దాలె, ఎందుకు దిద్దినమో చెప్పాలె. గుంపులో తేలని ప్రశ్న ఒక్కటి బయటి వేదికలో అడగాలె. ఆదివారం నాటికి ఆ పేరా సారాంశం తెలుగులో, లంబాడీలో, మీ ఇంట్లో ఏ భాష ఉంటే ఆ భాషలో వాయిస్ చేసి మీ పెద్దలకు వినిపించాలె. చివరిది మరిచిపోవద్దు. అర్థమైందో లేదో తెలిసేది అక్కడే. అమ్మకు చెప్పలేకపోతే మనకే అర్థం కానట్టు.

ఎవరన్నా నవ్వితే గుంపు నుంచి తీసెయ్యండి. ఈ ఒక్క నియమం మీద గట్టిగా ఉండండి.

ఫోన్లో అనువాదం చేసే యాప్‌లు ఉన్నయ్ గదా అంటరు. ఉన్నయ్, వాడండి. కానీ ముందు మీరు రాసి, తర్వాత దానితో పోల్చుకోండి. ముందే దానికి ఇస్తే అది నేర్చుకుంటది, మీరు నేర్చుకోరు.

మొదలుపెట్టడానికి ఒక మంచి చోటు చెప్త. అటవీ హక్కుల చట్టంలో 'మైనర్ ఫారెస్ట్ ప్రొడ్యూస్' అంటే ఏమిటో చెప్పే ఒక్క వాక్యం ఉన్నది. అందులో వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, మందు మొక్కలు, గడ్డలు, దుంపలు వరుసగా వస్తయ్. హైదరాబాద్‌లో కాన్వెంటులో చదివిన పిల్లకు ఆ ఇంగ్లిష్ మాటలన్నీ తెలుసు, వస్తువు చూపిస్తే గుర్తుపట్టదు. మీకు వస్తువులన్నీ తెలుసు, మాట ఒక్కటే తెలియదు. ఏది నేర్చుకోవడం తేలికో మీరే చెప్పండి. తేనె తీయడానికి కొండచరియ మీద తాడు పట్టుకొని దిగేటోనికి 'హనీ' అనే మాట నేర్చుకోవడం కష్టమా?

అదే వాక్యం మీద వాదించడానికి ఒక ప్రశ్న కూడా ఉన్నది. దాన్ని 'మైనర్', అంటే చిన్నది, అని ఎందుకన్నరు? ఎవరికి చిన్నది? తపసి జిగురు, తేనె అమ్మి ఏడాదంతా బతికే కుటుంబానికి అది చిన్నదా? దీని మీద మూడు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయండి. కోపం వస్తది. కోపం వచ్చినప్పుడు మాట వెతుక్కుంటం, వెతుక్కున్న మాట మరిచిపోం. 'మై బెస్ట్ ఫ్రెండ్' మీద వ్యాసం రాస్తే ఆ ఆరాటం రాదు.

జాగ్రత్తలు

ఆన్‌లైన్‌లో అందరూ మంచోళ్లు కాదు. ఆధార్ నంబరు, పట్టా కాయితం ఫోటో, మనుషుల పేర్లు ఎక్కడా పెట్టొద్దు. వాక్యం మాత్రమే టైపు చేయండి. తేనె పట్టే చోట్లు, మందు మొక్కలు దొరికే చోట్లు, దేవర ఉండే చోట్లు బయటోళ్లకు చెప్పొద్దు. చెల్లెళ్లూ, "విడిగా మెసేజ్ చెయ్, నేను నేర్పిస్త" అనేటోణ్ణి నమ్మొద్దు. అడిగేది నలుగురి ముందు అడగండి, జవాబు నలుగురి ముందు తీసుకోండి.

ఇంకో జాగ్రత్త మన లోపలిది. ఇంగ్లిష్ వచ్చినాక ఇంటి భాష చిన్నగా కనబడుతది. అట్ల కాకుండా చూసుకోవాలె. 'పెంట'ను ఎప్పుడూ 'హ్యామ్లెట్' అని మార్చి రాయకండి. పెంట అనే రాయండి, పక్కన ఒక్క వాక్యంలో అదేమిటో చెప్పండి. వాళ్ల భాష మనం నేర్చుకుంటున్నప్పుడు మన మాటలు రెండు వాళ్లు నేర్చుకుంటే నష్టమేమీ లేదు.

ఎవరి నోట, ఏ భాష

జైపాల్ సింగ్ ముండా పేరు వినే ఉంటరు. ముండా ఊర్లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్ అయినోడు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, నేను ఆదివాసీని అని చెప్పుకొని ఇంగ్లిష్‌లో మాట్లాడిండు. అడవి మనిషి అని పిలిస్తే సిగ్గుపడకుండా ఆ మాటనే గర్వంగా తీసుకున్నడు. ఆయన ఇంగ్లిష్ ఆయన్ని మనకు దూరం చేయలేదు.

దీనికి రెండో దిక్కు కూడా చూడండి. ఒడిశాలో నియంగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు ఇచ్చింది. గ్రామసభలను అడగాలె అన్నది. 12 గ్రామసభలు జరిగినయ్. డోంగ్రియా కోందులు తమ భాషలోనే మాట్లాడిండ్రు, 12 గ్రామసభలూ వద్దన్నయ్. కొండ నిలబడింది. అక్కడ ఇంగ్లిష్ గెలిపించింది అని నేను చెప్పను. జనం తమ భాషలో గట్టిగా చెప్పిన మాట గెలిపించింది. కానీ ఆ గ్రామసభల దాకా దారి వేసిన వాదన, తీర్పు ఇంగ్లిష్‌లో నడిచినయ్. ఆ వాదన మన తరఫున ఎప్పుడూ ఎవరో ఒకరు చేస్తూ ఉండాల్నా? మనలోంచి ఒకరు చేసే రోజు రావొద్దా?

మా పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన కాయితం నకలు ఒకటి నా దగ్గర ఉన్నది. ఇప్పుడు దాన్ని తడుముకోకుండా చదువుత. ఆలస్యంగా వచ్చిన చదువు ఆయనకు పనికిరాలేదు.

మీ ఇండ్లల్ల కూడా ట్రంకుపెట్టెలో, చూరు కింద ఇట్లాంటి కాయితాలు ఉంటయ్. ఈ రాత్రి ఇంటికి పోయినాక ఒక్కటి బయటికి తీయండి. అర్థం కాని వాక్యం ఒక్కటి నోటుబుక్కులో ఎక్కించుకోండి. పేర్లు, నంబర్లు వదిలేసి ఆ వాక్యం రేపు మీ గుంపులో పెట్టండి. కింద ఇట్ల రాయండి: "నాకు ఇది అర్థం కాలేదు, ఎవరికన్నా అర్థమైతే చెప్పండి." ఆ మాట నేను ఆ రోజు అనలేకపోయిన. మీరు అనండి.